లోయలో పోటు

ద్రాస్, జులై 2019

గౌరీ, క్షేమంగా చేరాను, నా మోకాళ్ల గురించి బెంగపడకు. ఇరవై ఏళ్ల కిందట మేం యుద్ధం చేసిన కొండ మీదికి పొద్దున్నే సైన్యం వాళ్లు తీసుకెళ్లారు. కింద లోయ నిండా తెల్లటి మబ్బు. ఆనాడు దాడికి ముందు కూడా ఇలాగే ఉంటే, మనూరి లక్ష్మణమ్మత్త కొడుకు కోదండం నన్ను తట్టి, "ఒరే నూకయ్యా, సూడు, సముద్రం పోటు మీదున్నాది. తెప్ప దింపుదామేటి?" అన్నాడు. వాడు ఇక్కడే ఉండిపోయాడు, నేనొక్కడినే ఊరికి తిరిగొచ్చాను. ఇవాళ ఆ మబ్బులో చాలాసేపు తెప్ప కోసం చూశాను.

వాన పట్టేలోపు ఎండుచేపలు లోపల పెట్టించు. చిన్నదానికి దగ్గు తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు.

అత్త ఇంకా సాయంత్రాలు ఒడ్డున కూర్చుంటోందా? పక్కన కూర్చుని చెప్పు, కోదండం ఉన్నచోట కూడా సముద్రం ఉంది, నేను చూశాను అని.

నూకయ్య