ఎడమ చెవి ఆచారం

సౌభాగ్యవతి ఆలియాకు, మఖ్లూఫ్ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేను, సెలూను, నీ పుదీనా కుండీ ముగ్గురం క్షేమం. అక్కడ మార్సెయ్‌లో నువ్వు, మనమ్మాయి సిమీ, అల్లుడు, పుట్టిన మనవరాలు క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. మాత్రలు వేసుకుంటున్నాను. ఫ్రిజ్ కింద నీళ్ళు ఆగలేదు, గుడ్డ మార్చాను. వంట ఎవరు చేస్తున్నారని అడిగావు. పక్కింటి ఫ్రెహా కుస్‌కుస్ పంపుతోంది. వండేటప్పుడు ఉప్పు మరిచిపోయి, తర్వాత ఉప్పు విడిగా పంపుతోంది. బజారులో ఎవరితోనైనా తగాదా పెట్టుకున్నావా అన్నావు. లేదు. ఈసారి అంతకంటే పెద్దదే చేశాను. అదే రాయడానికి కూర్చున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నువ్వు ఊరెళ్ళే ముందు గ్రంథాలయంలో క్లాసుకి నా పేరు రాయించావు కదా. మంగళవారం సాయంత్రాలు. యూదుల చరిత్ర, మన ఉనికి, మన ఆలోచన అని గోడ మీద కాగితం అంటించారు. నా ఉనికి చెప్పడానికి జెరూసలేం నుంచి బస్సులో మనిషి రావాలా అని నవ్వుకుంటూ వెళ్ళాను. ఆ మనిషి పేరు తిర్సా. మంచి పిల్ల. మనం దగ్గినా రాసుకుంటుంది.

ఒకరోజు ఆవిడ, "మీ ఇంటి ఆచారం ఒకటి చెప్పండి, పుస్తకాల్లో లేనిది కావాలి" అంది. ఒకరు శుక్రవారం చేప అన్నారు, ఒకరు పెళ్ళికి గోరింటాకు అన్నారు. ఇంకొకరు మళ్ళీ చేప. ఆవిడ ముఖం వాడిపోయింది. వాడిన ముఖం ఎదురుగా ఉంటే నా నాలుక ఊరుకోదని నీకు తెలుసు.

"మా ఇంట్లో ఒకటుందమ్మా," అన్నాను. "మా నాన్నగారి వైపుది. శుక్రవారం రాత్రి ద్రాక్షరసం మీద దీవెన చదివాక, ఇంటి పెద్ద తన ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళ ఎడమ చెవి పట్టుకు లాగుతాడు. ఆ చెవిగలవాళ్ళు ఆరోజు బల్ల దగ్గర లేనివాళ్ళ పేరు ఒకటి చెప్పాలి."

"ఎందుకలా?"

"కంటికి కనబడనివాళ్ళని చెవైనా మరిచిపోకూడదని."

ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకే తెలియదు. మా నాన్న చెవులు లాగిన సంగతి నిజమే గానీ, దానికీ శుక్రవారానికీ సంబంధం లేదు. అందరూ గొల్లుమంటారని చూశాను. ఒక్కరూ నవ్వలేదు. తిర్సా గబగబా రాసుకుంటోంది. వెనకనుంచి మన ఫ్రెహా, "అవును, మా తాత కూడా లాగేవాడు. కానీ కుడి చెవి," అంది.

"మొరాకోలో టాఫిలాల్ట్ వాళ్ళది ఎడమే," అన్నాడు ఇంకొకడు. "కుడి చెవి మర్రకేష్ వాళ్ళది. మీ తాత అక్కణ్ణించి అల్లుడిగా వచ్చి ఉంటాడు."

"మా తాతని ఏమన్నా అన్నావంటే నీ రెండు చెవులూ నేనే లాగుతాను."

క్లాసంతా కుడి, ఎడమ అని రెండుగా చీలిపోయింది. నేను కల్పించినదానికి నాకంటే ముందే సాక్షులు తయారయ్యారు. ఫ్రెహాకి నిజంగానే గుర్తుందా? లేక నా నోట్లోంచి వచ్చింది ఆవిడ తలలోకి దూరిందా? ఇప్పటికీ అర్థం కాలేదు.

అంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. బయటికొచ్చాక ల్యోవా నా చెయ్యి పట్టుకున్నాడు. ఉక్రెయిన్ నుంచి వచ్చాడే, వంతెనలు కట్టిన ఇంజనీరు, మన వెనక వీధిలో చేరినవాడు, అతను.

"మఖ్లూఫ్ గారూ, మా ఇంట్లో సర్కారు భయానికి ఆచారాలన్నీ మానేశారు," అన్నాడు. "మా నాన్న ఏదీ చెప్పకుండానే పోయాడు. ఇక్కడ అందరికీ ఏదో ఒకటుంది. తిర్సా నన్నెక్కడ అడుగుతుందోనని చివరి వరసలో కూర్చుంటాను. మీది నేను తీసుకోవచ్చా?"

"తీసుకోవయ్యా, అరిగిపోతుందా," అన్నాను. ఇంకేమనాలి, నువ్వే చెప్పు.

ఆ శుక్రవారం అతను భార్య రాయాని వెంటబెట్టుకుని, ఎలా చేస్తారో చూడ్డానికి మన ఇంటికే వచ్చాడు. ఎర్రగా బీట్‌రూట్ కూరేదో తెచ్చారు. నేను ల్యోవా చెవి లాగాను. అతను "నావుమ్" అన్నాడు. వాళ్ళ నాన్న పేరు. ఆ పేరు బల్ల దగ్గర పలకడం ఇదే మొదలని రాయా నా వైపు తిరిగి చెప్పింది. నాకు నవ్వు పెదవుల దాకా వచ్చి వెనక్కి పోయింది. మరుసటి శుక్రవారం వాళ్ళింట్లో నన్నే పెద్దగా కూర్చోబెట్టారు. ఈసారి రాయా చెవి. లోలాకు ఉందని మెల్లిగా లాగాను. ఖార్కోవ్‌లో ఉండిపోయిన అమ్మ పేరు చెప్పింది. మూడో శుక్రవారం కూడా జరిగింది. దాని సంగతి తర్వాత రాస్తాను.

పోయిన మంగళవారం తిర్సా అంది కదా, ఈ ఆచారాన్ని అచ్చు వేయించి మిగతా ఊళ్ళ క్లాసుల్లో కూడా చెబుతారట. వచ్చే వారం మా నాన్న పేరు, ఊరు రాసి తెమ్మంది. వెళ్ళి రబ్బీ హనన్యాకి చెప్పేశాను. వాడు చిన్నప్పుడు నాతో బత్తాయిలు దొంగిలించినవాడు గనక తిట్టడని ధైర్యం.

"ఒరేయ్ మఖ్లూఫ్," అన్నాడు. "లేనివాళ్ళని తలుచుకోవడం మంచి పనే. మంచి పని ఏదైనా మూడుసార్లు చేసి, ఇది మొక్కు కాదని ముందే అనకపోతే, అది మొక్కే అవుతుంది. నువ్వు బందీవి. నీ అంతట నువ్వు మానడానికి లేదు."

"నవ్వులాటకి చేసినా?"

"మూడోసారి ఎవరు నవ్వారు?"

వాడు గడ్డం గోక్కున్నాడు. మొక్కినవాడు చింతపడుతున్నానంటే, ముగ్గురు పంచాయతీలా కూర్చుని ఆ మొక్కు విప్పాలి అన్నాడు.

నిన్న మధ్యాహ్నం సెలూనులోనే కూర్చున్నారు. హనన్యా, ప్రార్థనా మందిరం తాళాలు చూసే బీబాస్. మూడోవాడు రాలేదు. సరిగ్గా అప్పుడే ల్యోవా జుట్టు కత్తిరించుకుందామని తలుపు తోశాడు. "రావయ్యా, నువ్వు చాలు, కూర్చో," అని హనన్యా అతన్ని నా తిరుగుడు కుర్చీలో కూలేశాడు. నన్నూ లెక్కలోకి తీసుకుంటారా అని అతని ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం ముందు నేను నిలబడి, అది మా నాన్నది కాదు, తాతది కాదు, తిర్సాని నవ్వించడానికి అప్పటికప్పుడు అల్లిన అబద్ధం అని చెప్పాల్సొచ్చింది. చెప్పాను. ల్యోవా అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు.

హనన్యా అడిగాడు. "ఇలా అవుతుందని ముందే తెలిసుంటే చేసేవాడివా? చేసేవాణ్ణి కాదు అని ఒక్క మాట అను. ముగ్గురం విప్పాం అంటాం, భోజనానికి పోతాం."

ఆ ఒక్క మాట రాలేదు ఆలియా.

"వీడు మనతో ఆడుకుంటున్నాడు," అన్నాడు బీబాస్.

"ఏరా, చింత ఉందా లేదా?"

"ల్యోవాకి అబద్ధం చెప్పినందుకు ఉంది."

"చెవి లాగినందుకో?"

నేను దువ్వెన తుడుస్తూ నిలబడ్డాను. అప్పుడు ల్యోవా కుర్చీ ఇటు తిప్పాడు.

"అయితే ఇది పూర్తిగా మీదే అన్నమాట."

"నాదే."

"నాకదే నయం. వీళ్ళ ఆచారాలు మొదలెట్టినవాళ్ళంతా సమాధుల్లో ఉన్నారు. అనుమానమొస్తే అడగడానికి నాకు పక్క వీధిలో మనిషి ఉన్నాడు." వెంటనే, "ఇప్పుడే ఒకటుంది. బల్ల దగ్గర ఒంటరిగా ఉన్నవాడు ఎవరి చెవి లాగాలి?" అన్నాడు.

"తనదే," అన్నాను.

మరీ త్వరగా అన్నాను. ముగ్గురూ నా ముఖం చూశారు. హనన్యా టోపీ సర్దుకుని లేచి, "ఇది విప్పడం మావల్ల కాదు," అని వెళ్ళిపోయాడు. బీబాస్ కూడా వెళ్ళాడు. ల్యోవా జుట్టు కత్తిరించాను.

ఇక దాచి లాభం లేదు. మూడో శుక్రవారం ఇంట్లో నేనొక్కణ్ణే. ఫ్రెహా పిలిస్తే ఒంట్లో బాగాలేదన్నాను. దీవెన చదివాను. ఎడమ పక్కకి తిరిగితే నీ కుర్చీ. చూసేవాళ్ళు లేరు, నవ్వేవాళ్ళు లేరు. నా చెవి నేనే లాగి, నీ పేరు పైకే అన్నాను. తర్వాత ఏడ్చాను కూడా. ఇన్నేళ్ళలో నీతో ఇలాంటి మాట అనలేదు. ఎందుకన్నానో కూడా తెలియదు. అబద్ధం నాదే, చెవి నాదే, ఏడుపెవరిదో తేలడం లేదు.

రేపే మంగళవారం. మా నాన్న పేరు రాయను, అంతవరకు తేల్చుకున్నాను. ఈ ఆచారం ఈ ఊళ్ళోనే, ఈ చలికాలంలోనే మొదలైందనీ, మొదట పట్టుకున్నది ల్యోవా ఇంటివాళ్ళనీ చెబుతాను. తిర్సా ముఖం వాడితే వాడనీ. ఈసారి ఏమీ అల్లకుండా ఉండగలనో లేదో మాత్రం చెప్పలేను.

ఈ శుక్రవారం నువ్వు సిమీని నీ ఎడమ పక్కన కూర్చోబెట్టుకో. ఎందుకమ్మా అంటే ఆచారమని బుకాయించకు, మీ నాన్న కల్పించాడని నిజమే చెప్పు. చెవి లాగాక అది ఎవరి పేరు చెప్పిందో నాకు రాయి. అల్లుడి వాళ్ళ తాత పేరైనా సరే, ఉన్నదున్నట్టు రాయి.

ఇట్లు,
నీ మొగుడు,
మఖ్లూఫ్.