మగ్గం గుంత

ఏమయ్యా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున పోస్ట్‌మ్యాన్ నా కొత్త పాస్‌పోర్ట్ తెచ్చిచ్చాడు.

పాతది గడువు తీరిపోయాక దొరికింది. నీ మగ్గం కొన్న హిందూపురం వాళ్లు దాన్ని విప్పుతుంటే, నువ్వు కాళ్లు పెట్టుకునే గుంతలో, గోడ సందులో, పట్టుగుడ్డ చుట్టి ఉంది. మీ తమ్ముడే తీశాడు. "వదినా, నీ పాస్‌పోర్ట్ ఈడ్నే ఉండాది చూడు" అని, నా మొహం చూడలేక బయటికి పోయాడు.

మస్కట్ నుంచి నేను సెలవు మీద వచ్చినప్పుడు కదా అది మాయమైంది. నాతో కలిసి ఇల్లంతా నువ్వూ వెతికావు. బియ్యం డబ్బా కూడా కుమ్మరించావు. "గుంతలోకి మాత్రం ఆడోళ్లు దిగకూడదు, మగ్గం మనకు దేవుడు" అన్నావు. నమ్మాను. ఆరేళ్లు రోజూ ఆ గుంత అంచున దీపం పెట్టి, నన్ను మళ్లీ మస్కట్ చేర్చమని మొక్కుకున్నాను.

అక్కడ సముద్రం పక్క వీధిలో నేను బట్టలు కత్తిరించిన కొట్టు ఇంకా ఉంది. అక్కడ నన్ను అందరూ మాస్టర్ అనేవాళ్లు. ధర్మవరంలో నేను నీ పెళ్లాన్ని మాత్రమే. నా కత్తెర ఎవరికీ ఇవ్వలేదని కొట్టు యజమానురాలు నిన్న ఫోన్‌లో చెప్పింది.

మధ్యాహ్నం నీ పటం ముందు విస్తరి వేశాను. నా చేత్తో ఇదే ఆఖరుది. వచ్చే ఏడు ఈ రోజు ఆకలేసి వస్తావేమో, ఇంటికి తాళం ఉంటుంది. నాకోసం వెతుక్కో. వెతకడం నీకు బాగా వచ్చు.

ముందు బియ్యం డబ్బాలో చూడు.