ఆబోతు యజమాని ఎవరు?

బుధవారం, రాత్రి

రేపు ఉదయమే దేవణి జాతి పశువుల సంఘానికి ఫారం పంపాలి, అందుకే ఇప్పుడే రాసి తేల్చుకోవాలి. మా కోడెదూడను జాతి కోడెగా నమోదు చేసిన కాగితం రాకపోతే నాయిన వచ్చే మంగళవారం దానికి విత్తులు నొక్కించి, ఎద్దును చేసి అరకకు కడతాడు. ఫారంలో దాని తండ్రి ఆబోతు యజమాని సంతకం అడిగారు. అది ఊరంతా కలిసి దేవుడికి వదిలిన ఆబోతు.

"దేవుడని రాయి బిడ్డా," అన్నాడు నాయిన.

"మరి సంతకం ఎవలు పెడ్తరు?"

"నువ్వే పెట్టు. ఇంట్ల సదివినదానివి నువ్వొక్కదానివే గద."

ఎగతాళి చేశాడో, నిజంగానే అన్నాడో తెలియలేదు. నాయిన పేరు రాస్తే అబద్ధం. ఖాళీగా వదిలితే తిప్పి పంపుతారేమో. ఊరి పేరు రాయొచ్చా?

చివరికి గడి వదిలేసి కింద ఇలా రాశాను: "సార్, ఆబోతు ఊరందరిది. ఎవరి సంతకం చెల్లుతుంది? సోమవారంలోపు చెప్పండి. ఆ తర్వాత ఈ దూడకు మీ కాగితంతో పని ఉండదు."