పక్క మంచం పెద్దాయన కట్టు

మావా,

ఆగిరిపల్లి తోటలో మళ్లీ కోతలు మొదలయ్యాయి. నువ్వు చెట్టు మీంచి పడి, పోయి, అప్పుడే ఏడాది. నీ కాలి గాయానికి నేను పసుపు అద్దడం వల్లే చీము పట్టి నువ్వు పోయావని మీ అక్క ఇంకా అంటోంది. నేనూ అదే నమ్మాను.

నువ్వు ఆఖరున ఉన్న ఆసుపత్రి ల్యాబ్ డాక్టరమ్మ, అప్పటి చీము పరీక్షలు ఇన్నాళ్లకి తేలాయని ఇవాళ పిలిపించింది. కాయ చూసి ఏ చెట్టుదో నువ్వు చెప్పేవాడివే, అలా వీళ్లు క్రిమిని చూసి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతారట.

"పసుపు వల్ల కాదమ్మా, వార్డులోనే అంటుకుంది. పక్క మంచం పెద్దాయనదీ, మీ ఆయనదీ ఒకటే రకం. మందులకి లొంగని రకం. ముందు ఆయనకే వచ్చింది."

"మరి ఈయన దాకా ఎలా వచ్చిందండీ?"

"ఎవరో ఒకరి చేతుల మీదుగానమ్మా. ఎవరివో చెప్పలేం."

హమ్మయ్య అనుకోవాలో, ఏడవాలో తెలియలేదు. 'పాపం, ఆయనకెవరూ లేరు, కట్టు తడిసిపోయింది, కాస్త తుడవ్వే' అన్నావు గుర్తుందా? తుడిచాను. ఆ చేత్తోనే నీ కట్టు సర్దాను.

ఈ సంగతి డాక్టరమ్మకి చెప్పలేదు. మీ అక్కకి ఏం చెప్పాలో అర్థం కావడం లేదు. పోనీ, పసుపనే అననీ మావా. నిజం చెబితే, తప్పు తుడవమన్న నీ మీదికొస్తుంది.