పదో స్థలం దగ్గర

రుమైథియా, కువైట్

గోడకు అవతల ఉన్న నా షబ్నమ్ అక్కకు,

ఇవతలి నుంచి లూర్దమ్మ సలాములు. చెత్త సంచులు పడేసే చోట నీ చేతిలో పెట్టిన పొట్లం విప్పి నవ్వుకునే ఉంటావు. కొబ్బరినూనె సీసా, రెండు సబ్బులు, మూడు యేసు బొమ్మలు. సెలవుకు పోయే మనిషితో ఊరికి పంపేది ఇవేనా అనుకుంటావు. అక్కా, సబ్బులు పోయినా పర్వాలేదు, బొమ్మలు మాత్రం పోకూడదు. నా ప్రాణం వాటి మీదే ఉంది.

నోటితో చెప్పడానికి సిగ్గు అడ్డం వచ్చింది, అందుకే రాస్తున్నాను. ఈ ఇంటి పెద్దకొడుకు స్నానాల గది తలుపుకున్న గడియ పీకేశాడు. ఇంతకంటే రాయలేను. ఆడదానివి, అర్థం చేసుకో. వాడి తల్లి, మా మామాతో చెబితే చెంప పగలగొట్టి ఫోను లాక్కుంది. గేటుకు తాళం. ఇలాగే ఇంకొన్నాళ్లుంటే మేడ మీది నుంచి దూకేస్తానేమోనని నాకే భయంగా ఉంది.

ఇంటి నుంచి తల్లి అర్జీ పెడితే ఎంబసీవాళ్లు కదులుతారని నువ్వే అన్నావు. కానీ మా అమ్మకు అక్షరం ముక్క రాదు. ఆమెకు ఉత్తరాలు చదివి పెట్టేది మా అక్క మొగుడు రాయప్ప బావ. నన్నీ ఇంటికి పంపిన ఏజెంటూ ఆయనే. అమ్మ ఉండేది ఆయన ఇంట్లో, ఫోను మాట్లాడేది ఆయన ఎదుట. రాయచోటిలో పొట్లం కోసం నీ దగ్గరికి వచ్చేదీ ఆయనే. సంగతి తెలిస్తే ముందు ఈ ఇంటి యజమాని కఫీల్‌కు ఫోన్ చేస్తాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది మా బతుకు.

మీలో బొమ్మలుండవు కాబట్టి విడమర్చి చెబుతాను. మా చర్చి గోడలకు యేసు సిలువ మోసిన కథ పద్నాలుగు పటాలుగా ఉంటుంది. ఒక్కో పటాన్ని ఒక్కో స్థలం అంటాం. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం ఊరంతా ఒక పటం నుంచి ఇంకో పటానికి నడుస్తూ ప్రార్థిస్తాం. చదువొచ్చినవాళ్లకు పుస్తకం, రానివాళ్లకు గోడ అనీ, వందల ఏళ్లుగా దేశదేశాల్లో పేదవాళ్లకు ఇలాగే నేర్పారనీ మా పాత ఫాదర్ అనేవారు. అమ్మ నేర్చుకున్న వేదమంతా ఆ గోడ మీదిదే. నన్ను చంకనేసుకుని, "చూడు మే, ఈడ పడినాడు, మళ్లా లేసినాడు" అని చూపించేది. నేను బయల్దేరేటప్పుడు ఆ పద్నాలుగు బొమ్మల చిన్న కట్ట నా పెట్టెలో పెట్టింది.

అందులోంచి మూడు తీశాను. తొమ్మిదోది, మూడోసారి కింద పడిపోవడం. పదోది, బట్టలు ఊడబీకడం. వాటి కింద నాలుగోది పెట్టాను, తల్లి ఎదురు రావడం. వరుస తప్పితే అమ్మ గుర్తుపడుతుంది. బావ ఈమధ్య బొమ్మలు పాపమనే ప్రార్థన కూటానికి పోతున్నాడు, వాటిని సరిగ్గా చూడను కూడా చూడడు. అదే నా ధైర్యం, అదే నా భయం. పొయ్యిలో పడేశాడా, ఖలాస్. నువ్వేమీ బయటపడొద్దు, నీ చెల్లెలి వీసా కూడా ఆయన చేతిలోనే ఉంది. అమ్మకే ఇమ్మందని చెప్పు, చాలు.

నీ గోడ ఇవతలి చెల్లెలు,
లూర్దమ్మ

* * *

నా బంగారు తల్లి లూర్దమ్మకు,

అమ్మ అంతోనమ్మ ముద్దులు. నేను చెబుతుంటే మన చర్చి సిస్టరమ్మ రాస్తోంది. పక్కన మీ బావ లేడు.

"ఈ బొమ్మల పిచ్చి దానిగ్గూడా అంటించినావా?" అని ఆయన వాటిని వాకిట్లోకి విసిరేశాడు. ఏరుకొచ్చి నాలుగు, తొమ్మిది, పది అని వరుసగా పెట్టుకున్నాను. తపస్సు కాలం కదా, బిడ్డ భక్తితో పంపిందనుకుని ముద్దు పెట్టుకున్నాను కూడా. నా మొద్దు బుర్రకు అంతే తోచింది తల్లీ.

శుక్రవారం పదో స్థలం దగ్గర మోకరించాను. ఫాదర్ ప్రార్థన చదివి ముందుకు నడిచారు, ఊరంతా నడిచింది. నేను లేవలేకపోయాను. కట్టలోంచి ఒక్క బొమ్మ కూడా విడదీయకూడదని నీకు నేర్పింది నేనే కదా. విడదీశావంటే అది భక్తి కాదని అప్పుడు తట్టింది. "నా బిడ్డ ఈడనే ఉంది సామీ, నేను ముందుకు రాను" అని అరిచాను. ఫాదర్ వెనక్కి వచ్చారు. ఆడవాళ్లంతా వచ్చి నా చుట్టూ కూర్చున్నారు.

"దాన్ని పంపినోడు ఇంటి అల్లుడు గదా అంతోనమ్మా, ఇంట్లోనే మాట్లాడుకోగూడదా?" అన్నారెవరో.

"అల్లుడైతే? నా బిడ్డ నాకు బిడ్డ కాకుండా పోతాదా?" అన్నాను.

ఆ రోజు పదకొండో స్థలానికి ఎవరూ పోలేదు. ఫాదర్ పొట్లం తెచ్చిన షబ్నమ్ నంబరు కనుక్కుని ఫోన్ చేస్తే ఆ పిల్ల ఏడుస్తూ నీ ఉత్తరమంతా చదివి వినిపించింది, ఇల్లెక్కడో చెప్పింది. అర్జీ అక్కడే రాశారు, వేలిముద్ర వేశాను. ఇప్పుడు నేను సిస్టర్ల దగ్గరే ఉంటున్నాను.

తొమ్మిదోది, పదోది నేనే ఉంచుకున్నాను. అవి ఇక నీకొద్దు. నాలుగోది ఈ కవర్లో ఉంది. ఈ ఉత్తరం ఇచ్చిన మనిషి ఎంబసీ మనిషి, పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు. పెట్టె కోసం, మిగతా బొమ్మల కోసం లోపలికి పోవద్దు. చెప్పులు కూడా వెతుక్కోవద్దు. ఆయన వెంట నడువు తల్లీ. నేను ఎదురొస్తున్నాను.

మీ అమ్మ అంతోనమ్మ వేలిముద్ర