మూడు ఎర్రవి, ఒక తెల్లది

నవంబర్ 6, 1994, ఆదివారం

థాంక్స్‌గివింగ్ పండక్కి పద్దెనిమిది రోజులు. మా మడుల్లో కోసిన పుల్లటి క్రాన్‌బెర్రీ పళ్ళు రెండు పెట్టెలు వెనక వరండాలో చలికి పెట్టాను. తూచాను, పెట్టెల మీద తేదీ వేశాను.

ఈ ఏడు పండగ సాస్ నేను చెయ్యాలి. నలభై ఏళ్ళుగా మా అత్తగారు ఐలీ చేసేవారు. పండు ఉడికించి, జల్లెడ పట్టి, చేప ఆకారపు రాగి అచ్చులో పోస్తే, చల్లారి గట్టిపడి పొలుసులతో సహా పళ్ళెంలో నిలబడేది. సెప్టెంబర్లో పక్షవాతం వచ్చింది. చేతులు తిరిగొచ్చాయి. మాటల్లో ఒక్కటే మిగిలింది: ఎయ్. వాళ్ళ ఫిన్నిష్ భాషలో ‘కాదు’ అని. కాఫీ కావాలా అన్నా ఎయ్. కప్పు చేతికిస్తే చుక్క మిగల్చరు.

నవంబర్ 8, ఉదయం 9

ఆడపడుచు ఎల్వి ఫోన్ చేసింది. అమ్మకి బుర్ర పోయింది లోయిస్, నువ్వు ఒప్పుకోవు గానీ, నీ నడుం విరిగిపోయేదాకా చాకిరీ చేస్తావా ఏంటి, మా ఊళ్ళో ఒక వృద్ధుల హోమ్‌లో మంచం ఖాళీ అయింది, పండక్కి కాగితాలు తెస్తాను, అన్నయ్య సంతకం పెడితే సరి అంది.

మా ఆయన రేనో నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. మన షెడ్డులో పండు గట్టిదో కాదో తేల్చడానికి, పలక మీంచి ఎగిరి అవతల పడ్డానికి దానికి ఏడుసార్లు అవకాశం ఇస్తాం, అమ్మకి రెండు నెలలు కూడా ఇవ్వవా అని అరిచాడు. పెట్టేశాక కళ్ళు తుడుచుకుని, అది చెప్పేదీ నిజమేనేమో, నాకు తెలీట్లేదు అన్నాడు.

నవంబర్ 12

మొదటి సాస్. నాలుగు కప్పుల పండు, కప్పు పంచదార, కప్పు నీళ్ళు, పది నిమిషాలు. బాగా ఎర్రబడినవే ఏరి పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న అత్తగారు నేను తీసి పడేసిన తెల్ల కాయల్ని మళ్ళీ గిన్నెలో వేస్తున్నారు. తీసేశాను. మళ్ళీ వేశారు. మధ్యాహ్నం ఆవిడ నిద్రపోయాక ఉడికించాను.

సాయంత్రం అచ్చు బోర్లిస్తే చేప రాలేదు, చెరువొచ్చింది. గ్లాసులు తెస్తాను ఉండు, తాగేద్దాం అన్నాడు రేనో.

నవంబర్ 13

మళ్ళీ చేశాను. మళ్ళీ చెరువే.

నవంబర్ 17

పన్నెండు నిమిషాలు ఉడికించినా నిలబడలేదు. పదిహేనుకి చేదెక్కింది. అన్నీ పుస్తకంలో రాసుకున్నాను.

ఇవాళ అత్తగారి మీద కేకలేశాను. అత్తయ్యా, అవి పండనివి, వదిలెయ్యండి, మీకు పుణ్యముంటుంది అన్నాను. ఎయ్ అని నా చేతి మీద ఒక్కటి కొట్టారు. గిన్నె దూరంగా జరిపాను. ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయారు. కాఫీ చేతికిచ్చినా ముట్టుకోలేదు.

ఎల్వి చెప్పిందే నిజమేమో అని మొదటిసారి అనిపించింది. అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

నవంబర్ 19

రేనోకి చెప్పాను, తెల్ల కాయల గొడవ. నవ్వాడు. అమ్మ పాతికేళ్ళు షెడ్డులో ఏరింది కదా, తెల్లవి అమ్ముడుపోవని అప్పటి యజమాని ఆడవాళ్ళనే తీసుకుపొమ్మనేవాడు, ఏప్రన్ జేబుల నిండా తెచ్చేది, మా ఇంట్లో ఎర్ర పండు కొని తిన్నదెవరు అన్నాడు.

నేను లేచి వరండాలోకి వెళ్ళాను. ఏరని పండు జల్లెడ నిండా తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టి, ఖాళీ గిన్నె ముందు పెట్టి, పక్కన కూర్చుని పెన్సిల్ తీశాను. కుళ్ళినవి పక్కకి పోయాయి. మెత్తనివి పక్కకి పోయాయి. గిన్నెలో పడేవాటికి గీతలు గీశాను. మూడు ఎర్రవి, ఒక తెల్లది. మూడు ఎర్రవి, ఒక తెల్లది. నలభై నిమిషాలు. ఒక్కసారి నాలుగో ఎర్రది చేతిలోకి తీసుకుని, చూసి, వెనక్కి పెట్టేశారు.

ఇంతకాలం నేను జిగురుతో సాస్‌ని నిలబెట్టే పచ్చి కాయల్నే ఏరి పారేశాను. కాదు, కాదు అని ఆవిడ తనకి మిగిలిన ఒక్క మాటతో చెబుతూనే ఉన్నారు.

నవంబర్ 23, బుధవారం

ఎల్వి వచ్చింది. బల్ల మీద కాగితాలు పెట్టింది. నేను పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో నేను ఏరినవి, రెండోదాంట్లో అత్తగారు ఏరినవి. పంచదార, నీళ్ళు, నిమిషాలు రెంటికీ ఒకటే. ఇంకో చేప అచ్చు అరువు తెచ్చి, దేనికది పోశాను. ఏంటీ పరీక్షలు, మళ్ళీ బళ్ళో చేరావా అంది ఎల్వి. రేపు చెబుతాను అన్నాను.

నవంబర్ 24, థాంక్స్‌గివింగ్

బల్ల మీది టర్కీ కోడిని కొయ్యకముందే రెండు అచ్చులూ ఎల్వి చేతికే ఇచ్చి బోర్లించమన్నాను. నాది పళ్ళెమంతా పారింది. వాళ్ళమ్మది తోకతో సహా నిలబడింది. పుస్తకం తెరిచి గీతలు చూపించాను.

 ఎల్వి ఏరని పండు జల్లెడలో తెచ్చి వాళ్ళమ్మ ముందు పెట్టి, గిన్నెలోకి వరసగా నాలుగు ఎర్రవి వేసింది. ఎయ్ అన్నారు అత్తగారు, వేళ్ళ మీద కొట్టారు. ఎల్వి ఏడుస్తూ నవ్వింది. నా పదేళ్ళప్పుడు కూడా ఇలాగే కొట్టేది అన్నయ్యా, అచ్చం ఇలాగే అంది. నీకప్పుడూ లెక్క రాదు మరి అన్నాడు రేనో.

కాగితాలు తిరిగి సంచిలో పెట్టేసుకుంది. మంగళవారాలు నేనొస్తాను, నువ్వు నడుం వాల్చుకో లోయిస్ అంది.

నవంబర్ 25

క్రాన్‌బెర్రీ సాస్, సరిదిద్దినది. ఎర్రవి మూడు కప్పులు, తెల్లవి ఒకటి. పంచదార కప్పు, నీళ్ళు కప్పు. పది నిమిషాలు.

రాసింది సరిగ్గా ఉందా అని అత్తగారికి చదివి వినిపించాను. ఎయ్ అనలేదు.