గిన్నెలో గుప్పెడు పంచదార

పక్కింటి పిన్నిగారికి,

వియత్నాంలో కాంతో అనే ఊరొచ్చి పది రోజులైంది. ఉన్న డబ్బుతో రెండు నెలలు గడపాలని, ఒకే గదిలో ఆరు మంచాలుండే చవక హాస్టల్లో దిగాను. కిటికీ తీస్తే కాలువ, కొబ్బరిచెట్లు. అచ్చం మన రామచంద్రపురమే. ఎవరైనా తెలుగు మాట్లాడతారేమోనని రోజూ వింటూ కూర్చుంటాను!

మొదటిరోజు హాస్టల్ నడిపే ఆవిడ గిన్నెడు గుమ్మడికాయ సూపు తెచ్చిచ్చింది. తాగి, గిన్నె కడుగుతుంటే మీరన్నది గుర్తొచ్చింది. "ఖాళీ గిన్నె పంపకూడదే అమ్మాయ్, ఏం లేకపోతే గుప్పెడు పంచదారైనా వెయ్యి." నా దగ్గరా అదే ఉంది, వేసి ఇచ్చాను.

మర్నాడు సూపు పాయసమంత తియ్యగా వచ్చింది. తీపి చాలలేదని చెప్పాననుకుందట ఆవిడ! నవ్వాపుకుని, ఫోన్లో అనువాదం పెట్టి మన వీధి పద్ధతి వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని ఏదో అడిగింది. ఫోను తెలుగులో చదివింది: "అయితే ఇది ఎప్పుడు ఆగుతుంది?"

మన రెండిళ్ల మధ్యా పన్నెండేళ్లు గిన్నెలు తిరిగాయి గానీ, ఈ ప్రశ్న మనకెప్పుడూ తోచలేదు కదండీ.

మీ పేరు చెక్కిన స్టీలు గిన్నె ఇంకా మా వంటింట్లోనే ఉంది. ఆఖరిసారి, ఓ మంగళవారం మీరు అందులో గుత్తివంకాయ కూర పంపారు. శుక్రవారం పులిహోర చేసి, నింపి ఇద్దామని ఆగాను. మీరు గురువారమే పోయారు.

ఇక్కడ మాత్రం ఏ రోజు గిన్నె ఆ రోజే నింపి ఇచ్చేస్తున్నాను.

మీ సుజాత